రిమార్కుల గడి

కాశిబుగ్గల నన్ను ఓడల ఓదెలు అంటరు.
పేరూ పనీ అతికినట్టు కుదిరినయి.
మొన్న లైబ్రరీల కవుల మీటింగు అయితే
అధ్యక్షుడు లేచి నన్ను సముద్ర కవి అన్నడు.
చప్పట్లు కొట్టిండ్రు.
నాకు సిగ్గయింది.

ముప్పై ఒక్క ఏండ్లు ఓడల ఉన్న మాట నిజమే,
సముద్రాన్ని చూసింది మాత్రం తక్కువ.
ఇంజను గది నీటి గీతకు కింద.
గోడకు అవతల అది, ఇవతల నేను,
నడుమ ఇనుప రేకు.
కిరాయి ఇంట్ల పక్కపోర్షనోళ్ల లెక్క,
దగ్గు ఇనవడుతది, మొకం ఎరుక లేదు.

నాకు ఎరుకైంది నూనె.
నలభై అయిదు డిగ్రీల గాలి.
పిస్టను సప్పుడుల ఒక్క దెబ్బ తప్పినా
నిద్రలకెల్లి లేచి కూసునే చెవి.
ఆ చెవి మా నాయినది.
ఆజంజాహి మిల్లుల సాంచె కాడ నిలవడి
పోగు తెగకముందే
ఇగ తెగుతది అనేటోడు.
మిల్లు కూత బందయిన ఏడాది
నేను కాజీపేటల బొంబాయి రైలెక్కిన.

నాలుగు గంటలకోపారి లాగుబుక్కు నింపాలె.
టైము, టెంపరేచరు, ప్రెషరు, నూనె మట్టం,
ఆఖరికి అగ్గిపెట్టంత గడి: రిమార్కులు.
అండ్ల ఎన్నడైనా ఒక్కటే,
అంతా సరిగ్గున్నది.
నాయిన పోయిండని
నెల దాటినంక ఉత్తరం అందిన నాడు గూడ
అంతా సరిగ్గున్నది.

మొతాలిబ్ చిట్టగాంగోడు.
ఆయనకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు,
ఇద్దరి హిందీ కాలిరిగిన కుర్చీ,
దాని మీదనే తొమ్మిది నెలలు కూసున్నం.
మా ఇంటామె కట్టిచ్చిన ఎండు మిరపకాయలు
పెనం మీద ఏంచితే
ఇద్దరం తుమ్ముకుంట నవ్వేటోళ్లం.
ఒకనాడు తెల్లారగట్ల నాలుగింటికి
డ్యూటీ మారేటందుకు ఆయన రాలే.
పై డెక్కు మీద చెప్పులున్నయి, పక్కపక్కన.
ఓడ మలిపి పొద్దంత దేవులాడినం.
పైనోళ్లు అక్షాంశం రాసిండ్రు, రేఖాంశం రాసిండ్రు.
కింద నేను నా గడి నింపిన.
చేతికి వచ్చింది ఆ రెండు మాటలే.

రిటైరై వచ్చినంక నిద్ర పట్టకపోయేది.
సప్పుడు లేదు గద, అందుకు.
ఎనుమాములకు పోయే పత్తి లారీలు
రోడ్డు మీద గేరు మార్చినప్పుడు
జెర కన్ను మూతవడేది.
ఒక రాత్రి మనుమరాలి లెక్కల కాపీల
స్కేలు పెట్టి గళ్లు గీసుకున్న.
టైము: రెండున్నర.
టెంపరేచరు: ఫ్యాను తిరుగుతున్నది.
ప్రెషరు: గోలి ఏసుకున్న.
రిమార్కులు,
ఆడ పెన్ను ఆగింది.

ఆగి, మల్ల నడిచింది.
గడి దాటింది, పేజీ దాటింది,
పిల్ల కూడికల మీదికెల్లి పోయింది.
పాలప్యాకెట్టు పడ్డ సప్పుడుకు
తలెత్తి చూస్తే తెల్లారింది.

కనకలక్ష్మి అద్దాలు పెట్టుకొని సదివింది.
ఈ మొతాలిబ్ ఎవరు, ఎన్నడు చెప్పకపోతివి, అన్నది.
నీ మిరపకాయలు తిన్నోడు, అన్న.
ఎరుకుంటే ఇంకింత కట్టియ్యకపోదునా, అన్నది.
ఇప్పటిదాక నా మీద వచ్చిన విమర్శలల్ల
అదే పెద్దది.

పుస్తకం చౌరస్తా కాడ టైపు చేయించిన.
అజ్మత్ మంచి పిలగాడే, చేతికి తొందరెక్కువ.
"కదలి పోయిన మనిషి" అని నేను రాస్తే
"కడలి పోయిన మనిషి" అని కొట్టిండు.
నలభై ఆరు కవితలల్ల
ఆ మాట ఇంకేడ లేదు,
మొకం చూడనిదాని పేరు ఎట్ల రాస్తం?

దిద్దుదామని ఎర్ర పెన్ను తీసిన.
మొతాలిబ్ పేరుకు పైన, ఆ ఒక్క అక్షరం మీద
చానాసేపు పట్టుకొని కూసున్న.
అజ్మత్ రెండుసార్లు అడిగిండు,
అంకుల్, సరిగ్గున్నదా అని.

పెన్నుకు మూత పెట్టిన.